మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే మన ఊళ్ళలో ప్రతి గడపకూ ఒక లెక్క వచ్చి పడుతుంది. ఓటరు జాబితా చేతపట్టుకుని వీధివెంట తిరిగే కార్యకర్త కుశలప్రశ్నలకన్నా ముందు అడిగేది "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అనే. ఆ జాబితాలో ఇంటి నంబరు ఉంటుంది, పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది, వయసు, లింగం ఉంటాయి. ఒకే ఇంటి నంబరు కింద ఇద్దరు మగవాళ్ళో, ఇద్దరు ఆడవాళ్ళో దంపతుల్లా కలిసి బతుకుతుంటే అతను రెండు ఓట్లని గుర్తుపెట్టుకుని పక్కింటికి వెళతాడు. వాళ్ళే పెళ్ళి రిజిస్ట్రేషనుకో, జంటగా బిడ్డను దత్తత తీసుకోవడానికో వెళితే మాత్రం చట్టం కళ్ళకు అది ఒక కుటుంబం కాదు, ఒక కప్పు కింద ఉంటున్న ఇద్దరు పరాయివాళ్ళు. ఓటు దగ్గర లెక్కకొచ్చే ఇల్లు హక్కు దగ్గర లెక్కలోంచి ఎలా జారిపోయింది? దీని వెనక 160 ఏళ్ళ చరిత్ర ఉంది. దాన్ని వరసగా చూసుకుంటూ వస్తే ఒకటి తేలుతుంది: స్వలింగ ప్రేమికుల పడకగది నుంచి రేషను కార్డు దాకా ప్రతిదాన్నీ నిర్ణయించింది చట్టాలు రాసేవాళ్ళే. అలాంటప్పుడు ఆ రాసేవాళ్ళను ఎంచుకోవడం వీళ్ళకు పౌరధర్మంతో సరిపోయేది కాదు, సొంత ఇంటి పని.

కథ మనకు ఓటు లేని కాలంలో మొదలవుతుంది. మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసింది. అది మార్పులు చేర్పులతో 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 377వ సెక్షన్, ప్రకృతి క్రమానికి విరుద్ధమైన సంభోగానికి యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చంది. ఏది ప్రకృతి, ఏది విరుద్ధం అన్నది రాయలేదు. ఇద్దరూ పెద్దవాళ్ళేనా, ఇష్టపడ్డారా, తలుపులు వేసుకుని ఉన్నారా అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల మీదకు ఆ సెక్షన్ అలా వచ్చింది. పరాయి పాలన కనక అంతేననుకుందాం. మరి దాన్ని మనకు ఇచ్చిపోయిన దేశం తన ఇంట్లో ఏం చేసింది? ఇద్దరు వయోజనులు ఇష్టపడి ఏకాంతంలో చేసేది నేరం కాకూడదని అక్కడి వుల్ఫెండెన్ కమిటీ 1957లో సిఫారసు చేసింది. పదేళ్ళ వాదోపవాదాల తరవాత, 1967లో బ్రిటిష్ పార్లమెంటే ఓటు వేసి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ నేరాన్ని చాలామటుకు తీసేసింది. అదే పార్లమెంటు 1988లో, స్థానిక సంస్థలు స్వలింగ సంపర్కాన్ని ప్రోత్సహించకూడదంటూ సెక్షన్ 28 తెచ్చింది. 2003లో ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్నీ రద్దుచేసింది. ఇచ్చిందీ, లాక్కున్నదీ, తిరిగి ఇచ్చిందీ ఒకే సభ. మారుతూ వచ్చింది ఆ సభలో కూర్చున్న మనుషులు.

మన దగ్గర ఆ సెక్షన్ ఎంతమందిని జైలుకు పంపిందన్న లెక్కతో దాని బరువు తూచలేం. నూటయాభై ఏళ్ళలో, నమోదైన తీర్పులను బట్టి చూస్తే, దీని కింద విచారణ ఎదుర్కొన్నవాళ్ళు 200 మంది కూడా లేరని 2013లో సుప్రీంకోర్టే చెప్పింది. కాని తీర్పుల సంపుటాలకెక్కేవి పై కోర్టుల దాకా వెళ్ళగలిగిన కేసులు. చట్టం అసలు పనిచేసింది అంతకు చాలా దిగువన, ఠాణాలో, పార్కు గేటు దగ్గర, బెదిరించి డబ్బు గుంజేవాడి చేతిలో. 1884లో అలహాబాదు హైకోర్టుకు వచ్చిన ఖైరాతీ కేసు చూడండి. మొరాదాబాదు ప్రాంతంలో ఖైరాతీ ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని పాటలు పాడుతుండగా పోలీసులు పట్టుకున్నారు, వైద్యుడితో శరీరం పరీక్ష చేయించారు, కింది కోర్టు 377 కింద శిక్ష వేసింది. నేరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు కనక హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. పుస్తకంలో ఇది నిర్దోషిగా విడుదలైన కేసు. ఆ మనిషికి మాత్రం శిక్ష అప్పటికే పడిపోయింది. ఆ తరవాత నూరేళ్ళు దాటినా పద్ధతి మారలేదు. 2001లో లక్నోలో ఎయిడ్స్ నివారణ పని చేస్తున్న కార్యకర్తలను ఇదే సెక్షన్ పేరు చెప్పి అరెస్టు చేసి నెలన్నర పాటు జైల్లో ఉంచారు.

నిజాం రాజ్యానికి తన చట్టం తనకు ఉండేది. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చినప్పుడు దాని రెండో భాగాన్ని హిజ్రాల కోసం కేటాయించారు. అదే దారిలో హైదరాబాదులో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం వచ్చింది. మగపిల్లలను ఎత్తుకుపోతారని, ప్రకృతి విరుద్ధ నేరాలు చేస్తారని అనుమానమున్న "నపుంసకుల" పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలంది. ఆ రిజిస్టరుకెక్కినవాళ్ళు ఆడవాళ్ళ దుస్తులో నగలో వేసుకుని వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టవచ్చు. హిజ్రాలు వేరు, స్వలింగ ప్రేమికులు వేరు. చట్టం మాత్రం ఇద్దరినీ ఒకే అనుమానపు తాటితో కట్టింది. ఇక్కడ గమనించాల్సింది నిజాం క్రూరత్వం కాదు, ఆ చట్టం ఆయుష్షు. నిజాం పాలన 1948లో పోయింది. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన శాసనసభ వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ప్రతిసారీ పాత చట్టాల మూటలో ఇదీ కొత్త ఇంటికి చేరింది, చివరికి పేరు ముందు తెలంగాణ అని కూడా తగిలించుకుంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా అది పుస్తకంలో ఉంది. దాన్ని ఎవరో పట్టుబట్టి కాపాడారనుకోవడానికి ఆధారం లేదు. తీసేయమని గడప దగ్గర అడిగినవాళ్ళు లేరు, అడగని చట్టాన్ని వెతికి రద్దుచేసే తీరిక ఏ ఎమ్మెల్యేకీ ఉండదు.

377 మీద పోరాటం కూడా చట్టసభను వదిలి కోర్టుకెక్కడానికి కారణం అదే. తీహార్ జైల్లో ఖైదీలకు కండోములు ఇవ్వడానికి అధికారులు ఒప్పుకోకపోవడంతో 1994లో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2001లో నాజ్ ఫౌండేషన్ మరో పిటిషన్ వేసింది. 2009 జులై 2న హైకోర్టు, వయోజనుల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. నాలుగేళ్ళకు, 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. దేశ జనాభాలో వీళ్ళు అత్యల్ప భాగమంది. చట్టం మార్చాలనుకుంటే పార్లమెంటు మార్చుకోవచ్చంది. బయటికొచ్చి నాలుగేళ్ళు ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఒక్క ఉదయంలో మళ్ళీ నేరస్థులయ్యారు. ఆ తరవాతి సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్, సీపీఎం మేనిఫెస్టోలలో ఈ సెక్షన్ సంగతి చోటుచేసుకుంది. కోర్టు మూసిన తలుపు గురించి పార్టీలు మాట్లాడక తప్పలేదు. కాని మేనిఫెస్టో వేరు, సభ వేరు. 2015 డిసెంబరు 18, శుక్రవారం. 377ను సవరించే ప్రైవేటు బిల్లును శశి థరూర్ లోక్‌సభలో ప్రవేశపెట్టబోయారు. బిల్లు మీద చర్చ కాదు, ప్రవేశపెట్టడానికి అనుమతి మీదే ఓటింగు పెట్టారు. అనుకూలం 24, వ్యతిరేకం 71. 540 మందికి పైగా ఉన్న సభలో 95 మంది చేతుల్లో అది తేలిపోయింది. 2016 మార్చిలో మళ్ళీ ప్రయత్నిస్తే అనుకూలం 14, వ్యతిరేకం 58. సభకు రాని వందలాది మందిలో ఒక్కరికైనా తమ నియోజకవర్గంలో దీనికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్న భయం ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: చివరికి దారి చూపింది కోర్టే కదా, ఓటుతో పనేముంది? నిజమే, 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చి, సంఖ్య తక్కువన్న కారణంతో హక్కు కాదనలేమన్నారు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా, వయోజనుల ఇష్టపూర్వక సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. కేంద్ర ప్రభుత్వం మాత్రం ఇటూ అటూ చెప్పకుండా కోర్టు విజ్ఞతకు వదిలేసింది. అయితే కోర్టు చేతికి కత్తెర ఉంటుంది, కలం ఉండదు. ఉన్న సెక్షన్‌లోంచి ముక్క కోయగలదు, లేని చట్టాన్ని రాయలేదు. ఇది నా మాట కాదు, కోర్టు తనకు తాను గీసుకున్న గీత. హైదరాబాదుకు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తదితరులు పెళ్ళి హక్కు కోసం వేసిన కేసులో 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని, ప్రత్యేక వివాహ చట్టంలో తాము మాటలు చేర్చలేమని అయిదుగురూ అన్నారు, ఆ పని చట్టసభదన్నారు. పెళ్ళి కాకపోయినా ఇద్దరి కలయికకు ఏదో ఒక గుర్తింపు, జంటగా దత్తత హక్కు ఇవ్వాలన్న మాట మీద 3-2 తేడాతో కాదన్నారు. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లనూ తోసిపుచ్చారు. కోర్టు మీద భరోసా పెట్టుకున్నవాళ్ళకు కోర్టే వేలు పెట్టి పార్లమెంటును చూపించింది.

చట్టసభ తలచుకోకపోతే ఏమవుతుందో, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత చెబుతుంది. 2018 తీర్పు 377ను పూర్తిగా తీసేయలేదు. ఇష్టం లేకుండా జరిగిన దానికి ఆ సెక్షన్‌నే ఉంచింది, ఎందుకంటే అత్యాచారం సెక్షన్ బాధితులుగా స్త్రీలను మాత్రమే చూస్తుంది. కొత్త సంహిత రాసేటప్పుడు 377 మొత్తం ఎగిరిపోయింది. బలవంతపు సంబంధాల మేరకు దాన్ని ఉంచాలని పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పినా వినలేదు. 2024 జులై 1 నుంచి, మగవాడి మీద మరో మగవాడు అత్యాచారం చేస్తే దాన్ని ఆ పేరుతో శిక్షించే సెక్షన్ లేకుండా పోయింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కూడా ఇలాంటిదే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద లైంగిక దాడికి అది పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. స్త్రీ మీద అత్యాచారానికి కనిష్ఠ శిక్షే పదేళ్ళు. ఒకే ఘోరానికి రెండు ధరలు కట్టిన ఈ లెక్కను రాసిన సభలో, నష్టపోయేవాళ్ళకు జవాబుదారీగా కూర్చున్నవాళ్ళు లేరు.

రోజువారీ బతుకు దగ్గరికొస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. సుప్రియో కేసు తరవాత కేంద్రం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2024లో కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. రేషను కార్డు కోసం ఇలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతాకూ నామినీగా పేరు రాయడానికీ అడ్డు లేదని, దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చని అవి చెప్పాయి. ఇవి చిన్నవి కావు. ఇంతకాలం కలిసి బతికిన మనిషి శవం కోసం ఆస్పత్రి గుమ్మం దగ్గర ఎవరినో బతిమాలుకోవలసిన అవసరం తప్పడం చిన్న సంగతి కాదు. కాని ఇవన్నీ శాఖలు రాసిన ఉత్తరాలు. ఒక ఉత్తరాన్ని మరో ఉత్తరం రద్దు చేయగలదు. వారసత్వం, దత్తత, సర్రోగసీ వంటివి ఉత్తరాలతో తెమిలేవి కావు, వాటికి చట్టం కావాలి. చట్టానికి సభ కావాలి, సభకు ఓటు కావాలి.

రెండో అభ్యంతరం సంఖ్య గురించి. ఇంత కొద్దిమంది ఓట్ల కోసం ఏ పార్టీ కదులుతుంది? మొదట, కొద్దిమంది అన్నదే అనుమానం. 2012లో ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు 25 లక్షలన్న అంచనా చెప్పింది. బయటపడటానికి చాలామంది భయపడే కాలంలో పైకి తేలిన లెక్క అది. రెండోది, మన ఎన్నికల్లో చిన్న సంఖ్యలు పెద్ద పనులు చేస్తాయి. 2019లో విజయవాడ సెంట్రల్ సీటు 25 ఓట్ల తేడాతో తేలింది. మూడోది, లెక్కకు అందడమే ఒక బలం. 2009లో ఎన్నికల సంఘం ఓటరు జాబితాలో "ఇతరులు" అనే గడి పెట్టింది. 2024 నాటికి ఆ గడిలో 48 వేల పైచిలుకు పేర్లు చేరాయి. వాళ్ళలో ఓటు వేసినవాళ్ళు నూటికి 27 మందే అయినా, 2019లో అది 15కు కూడా చేరలేదు. ఆంధ్రప్రదేశ్ 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛను ప్రకటించింది. 2024 ఎన్నికల తరవాత వృద్ధుల పింఛనుతోపాటు అది 4,000 అయింది. తెలంగాణలో ఆసరా పింఛను వాళ్ళకూ ఇవ్వాలని 2023 తీర్పులో హైకోర్టు చెప్పింది. గడిలోకి వచ్చినవాళ్ళ గురించి ప్రభుత్వాలు కొంతైనా మాట్లాడతాయి. స్వలింగ ప్రేమికులకు అలాంటి గడి లేదు, ఉండనక్కరలేదు కూడా. అందుకే వాళ్ళ ఓటు కనిపించాలంటే నోటితో అడగడం ఒక్కటే దారి.

అడగడం అంటే అందరూ వీధిలోకొచ్చి తమ సంగతి చాటుకోవాలని కాదు. ఊళ్ళో దాని మూల్యం ఎంతో తెలిసినవాళ్ళెవరూ ఆ సలహా తేలిగ్గా ఇవ్వరు. 1978లో కాలిఫోర్నియాలో, స్వలింగ ప్రేమికులను ప్రభుత్వ పాఠశాలల ఉద్యోగాల్లోంచి తీసేయాలన్న ప్రతిపాదన జనం ఓటుకు వచ్చింది. ముందటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకమండలికి ఎన్నికైన హార్వీ మిల్క్ అప్పుడు తనవాళ్ళకు చెప్పింది ఒకటే: అమ్మానాన్నలకు, పొరుగువాళ్ళకు, తోటి ఉద్యోగులకు మీరెవరో చెప్పండి. ఆ నవంబరులో 58 శాతం మంది ఆ ప్రతిపాదనను తిప్పికొట్టారు. ఆ ఓట్లలో అత్యధికం స్వలింగ ప్రేమికులవి కావు, వాళ్ళను ఎరిగినవాళ్ళవి. మన దేశంలోనూ 377 కేసు సుప్రీంకోర్టులో ఉన్నప్పుడు కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల పక్షాన పిటిషన్ వేశారు. ఓటు ఒక మనిషిదే, ఆ ఓటు వెనక ఉన్న బాధ మాత్రం ఇంటిల్లిపాదిదీ. ఈ ప్రశ్నను అమ్మ అడగవచ్చు, అన్న అడగవచ్చు, స్నేహితుడు అడగవచ్చు. ఇక నోరు విప్పలేనివాళ్ళకు పోలింగు కేంద్రంలో అట్టముక్కల చాటు ఉంది. ఈ రాజ్యం వాళ్ళ పడకగదిలోకి తొంగిచూసిన రోజుల్లో కూడా గౌరవించిన ఏకాంతం అదొక్కటే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. హక్కు అనేది అధికసంఖ్యాకుల దయ మీద ఉండకూడదు, దాన్ని ఓటుకు పెట్టడమే తప్పు అన్నది. సూత్రంగా ఇది నూటికి నూరుపాళ్ళు సరైనది. 2008 నవంబరులో అదే కాలిఫోర్నియా ఓటర్లు 52 శాతం మెజారిటీతో స్వలింగ వివాహాన్ని నిషేధించారు. కోర్టులు ఆ నిషేధాన్ని పక్కన పెట్టకపోయి ఉంటే ఎందరి కాపురాలో గాలిలో ఉండేవి. అయితే కథ అక్కడ ఆగలేదు. రాష్ట్ర రాజ్యాంగంలో మిగిలిపోయిన ఆ మాటలను 2024లో ఓటర్లే 62 శాతానికి పైగా మెజారిటీతో తీసేశారు. 16 ఏళ్ళలో తేడా వచ్చింది మనుషుల మనసుల్లో. పక్కనున్న నేపాల్‌లో కోర్టూ ఓటూ చెరో చేయి వేశాయి. అక్కడి సుప్రీంకోర్టు 2007లో సమాన హక్కులివ్వాలని ఆదేశించింది. ఆ కేసు వేసినవారిలో ఒకరైన సునీల్ బాబు పంత్ 2008లో రాజ్యాంగ సభలో సభ్యుడయ్యారు. 2015 నాటి రాజ్యాంగంలో లైంగిక అల్పసంఖ్యాకుల ప్రస్తావన చేరింది. కోర్టు చెప్పిన మాటను సభలో వినిపించడానికి ఒక మనిషి అక్కడ కూర్చున్నాడు. ఓటు వద్దనుకుంటే హక్కు మెజారిటీ చేతిలోంచి తప్పించుకోదు, మెజారిటీకి అడిగేవాళ్ళు లేకుండా పోతారంతే.

ఇదంతా పట్నాల్లోని పైతరగతి గోల అని 2023లో కేంద్రం కోర్టుకు చెప్పింది. 1919 నాటి హైదరాబాదు చట్టం ఎవరిని పట్టుకోమంది? వీధిలో పాడుకునేవాళ్ళను. డబ్బున్నవాళ్ళకు ఎప్పుడూ వేరే ఊరో వేరే దేశమో ఉంటుంది, చట్టం కాళ్ళకు అడ్డుపడేది కదలలేనివాళ్ళకు. అలాగని వీళ్ళందరూ కలిసి ఏదో ఒక పార్టీకి ఓటు బ్యాంకు కావాలని నేననడం లేదు. స్వలింగ ప్రేమికుడు రైతు కావచ్చు, దళితుడు కావచ్చు, కాంట్రాక్టు ఉద్యోగి కావచ్చు. గిట్టుబాటు ధర కోసమో జీతం కోసమో అతను ఓటు వేస్తే అదీ సొంత బతుకు కోసమే. ఏ పార్టీ చరిత్రా ఈ విషయంలో మచ్చ లేనిది కాదు. కావలసింది విధేయత కాదు, ప్రశ్న. గడప దగ్గరికొచ్చి మన ఓట్లు లెక్కపెట్టుకునే అభ్యర్థికి కూడా ఒక ఓటు రాబోతోంది, సభలో వేయడానికి. 2015లో ఆ శుక్రవారం పడిన 24 ఓట్లూ, 71 ఓట్లూ అలాంటివే. కాబట్టి "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని అడిగినవాడికి "రెండు" అని చెప్పి ఊరుకోకూడదు. ఈ రెండు ఓట్లూ కలిపి ఒక ఇల్లని రాయవలసిన రోజు వస్తే, అక్కడ మీ ఓటు ఎటని తిరిగి అడగాలి.